నిద్రపుచ్చిన పొయ్యి

పాత పొయ్యి పొగగొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని హెరిబెర్తో చిగ్వాయ్ బలంగా తిప్పాడు. తుప్పు కరకరలాడింది. ఇంకోసారి తిప్పేసరికి ఊడొచ్చింది. దాంతోపాటు దోసెడు మసి అతని మెడ మీదా, కాలరు లోపలా రాలింది. తుడుచుకోలేదు. సాయంత్రం దాకా ఇంకా రాలుతూనే ఉంటుంది. గొట్టం నోటికి గోనెగుడ్డ కట్టి, బయటికి మోసుకెళ్ళి లారీలో పడుకోబెట్టాడు.

కోయాయికె ఊరు కొండల మధ్య గిన్నెలాంటి లోయలో ఉంటుంది. అక్కడ జూన్ అంటే నడిచలికాలం; అది వచ్చిందంటే ఇళ్ళ పొగంతా ఆ గిన్నె మీద మూతలా పడుతుంది. ఆ ఉదయం ఎదురింటి కప్పు కూడా కనిపించలేదు. గాలి ప్రమాదస్థాయికి చేరిందనీ, సాయంత్రం ఆరు దాటాక కట్టెలు వెలిగించొద్దనీ రేడియో చెప్పింది. లారీ తోలే గలిందో దాని నోరు నొక్కేశాడు.

"వెలిగించొద్దంట! మరేం చెయ్యాలంట, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకు పడుకోవాలా? మా ఆవిడ ఒప్పుకోదు, పెద్దాయనా. నా దగ్గర మసి కంపంటుంది."

హెరిబెర్తో నవ్వలేదు. అలాగని ముఖం చిట్లించుకోనూ లేదు.

కట్టెల పొయ్యి వదులుకోవడానికి ఒప్పుకున్న ఇళ్ళకి పొగ తక్కువ వచ్చే కొత్త పొయ్యి ఇస్తారు. రంపపుపొట్టును నొక్కి చేసిన గుళికలు దానికి మేత. పాతదాన్ని విప్పి, మోసి, తుక్కు యార్డులో పడేసే పని వీళ్ళిద్దరిదీ. యార్డులో హెరిబెర్తో సమ్మెట తీసుకుని పొయ్యి నడినెత్తిన ఒక్క దెబ్బ వేస్తాడు. ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళి మళ్ళీ వెలిగించకుండా అది నియమం. పోత ఇనుము కుండ పగిలినట్టు పగులుతుంది. మొదట్లో ఆ చప్పుడుకి పళ్ళు జివ్వుమనేవి. ఇప్పుడేమీ అనిపించదు.

అతనికి చాలా విషయాల్లో ఇప్పుడేమీ అనిపించదు. గొడ్డలి ఎత్తగలిగిన వయసు నుంచి కట్టెలు కొట్టాడు. తర్వాత రంపపు మిల్లు. అక్కడే ఎడమచేతి చిటికెనవేలు పోయింది. తర్వాత ఇళ్ళ కప్పులెక్కి పొగగొట్టాలు తోమాడు. పెళ్ళాం సరిహద్దు దాటి అర్జెంటీనాలో వంటపనికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "ఇక్కడే ఉన్నా" అంటాడు.

మధ్యాహ్నం తర్వాత చివరి ఇల్లు అతని అక్కది.

లుదోవినా ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం మీంచి కిటికీ దాకా నడిస్తే ఆయాసం. ఇంకో శీతాకాలం ఈ పొగలో గడిపితే చెప్పలేనని డాక్టరు చలి మొదలవక ముందే అన్నాడు. హెరిబెర్తో ఆమెను అడక్కుండా వెళ్ళి కొత్త పొయ్యికి పేరిచ్చి వచ్చాడు. తెలిశాక ఆమె అతనితో మాటలు మానేసింది. చివరికి ఒక్క షరతు పెట్టింది: తీస్తే నువ్వే తియ్యి, పరాయివాళ్ళ చేతులు దాని మీద పడకూడదు. కొత్తది పొద్దున్నే ముందుగదిలో బిగించి వెళ్ళారు. ఇవాళ పాతది ఇల్లు దాటకపోతే, రేపు కొత్తదాన్ని విప్పి ఎదురుచూసే ఇంకెవరికో ఇచ్చేస్తారు.

తలుపు తియ్యగానే వంటగది వెచ్చగా మొహానికి తగిలింది. హెరిబెర్తో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వచ్చావా, పొయ్యిల దొంగా," అంది లుదోవినా. పొయ్యి పక్కనే కుర్చీలో, భుజాల మీద ఉన్నిశాలువాతో కూర్చునుంది.

"నిన్ననే ఆర్పమన్నాను కదక్కా."

"ఆర్పాను. రాత్రే."

అతను పొయ్యి మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. గొట్టం వైపు చూశాడు. గాలిపలక పిడి అడ్డంగా తిరిగి ఉంది.

ఊళ్ళో అందరూ చేసేదే ఆమె కూడా చేసింది. పడుకోబోయే ముందు లోపల పచ్చి దుంగొకటి కుక్కి, గొట్టంలో గాలిపలక మూసేస్తారు. మంట చస్తుంది, నిప్పు చావదు. తెల్లారేదాకా లోలోపల రగులుతూ, కంటికి ఆనని ధూళిని ఊరి మీదికి ఊదుతుంది. దీన్ని పొయ్యిని నిద్రపుచ్చడం అంటారు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆమె ఆ పొయ్యిని ఏ రాత్రీ ఆర్పి ఎరగదు. నిద్రపుచ్చడమే ఆర్పడం అనుకుంది.

గలిందో పగలబడి నవ్వాడు. "నువ్వు జోలపాడావు, లుదోవినమ్మా! మేం శవాన్ని మొయ్యడానికొచ్చాం, ఇది గురక పెడుతోంది."

"నువ్వు నోరు మూసుకుని కూర్చో. మూతి చూడు, మసిగుడ్డలా." ఆమె దగ్గు అందుకుంది. చాలాసేపు దగ్గింది. తగ్గాక ఏమీ జరగనట్టు టీలా తాగే మాటే ఆకులో వేడినీళ్ళు పోసి గలిందో చేతికే ముందు ఇచ్చింది. "తాగు. చల్లారేదాకా పనేముంది మీకు?"

హెరిబెర్తో నిప్పులు గీకి బకెట్లో వేసి పెరట్లో మంచు మీద కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. తిరిగొచ్చేసరికి అక్క కుర్చీ ఇంకాస్త పొయ్యి దగ్గరికి జరిగి ఉంది.

"ముందుగదిలోకి పద. అక్కడ వెచ్చగా ఉంది."

"అదా? లోపల ఈగ ఇరుక్కున్నట్టు జుయ్యిమంటోంది. దాని నెత్తిన కెటిల్ పెట్టడానికి చోటేదిరా? కరెంటు పోతే అదీ పోతుందంట."

"పొగ రాదక్కా. నీకు ఊపిరాడుతుంది."

"ఊపిరాడి ఏం చెయ్యాల్రా నేను?"

హెరిబెర్తో బకెట్ మూలకి జరిపాడు. గలిందో మాటే పాత్రలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె పొయ్యి కింది ఓవెన్ తలుపును బొటనవేలితో తట్టింది.

"వీడు ఇందులో ఉడికినవాడే తెలుసా, గలిందో? ఏడోనెలలోనే ఊడిపడ్డాడు, పిల్లిపిల్లంత. మా అమ్మ చెప్పులపెట్టెలో గొర్రె ఉన్ని పరిచి, ఇలాంటి పొయ్యికి ఓవెన్ తలుపు తెరిచి, దాని మీద పెట్టింది. మంట పెరక్కుండా, తగ్గకుండా చూసే పని నాది. వీడు మాడిపోతాడని ఒక భయం, గడ్డకట్టిపోతాడని ఒక భయం."

"అందుకేనా పెద్దాయన సగం పచ్చిగా ఉండిపోయాడు?"

లుదోవినా నవ్వింది. నవ్వు మళ్ళీ దగ్గయింది. హెరిబెర్తో ఈ కథ చాలాసార్లు విన్నాడు. ప్రతిసారీ ఇంకెవరి గురించో చెబుతున్నట్టే ఉంటుంది. ఇవాళా అలాగే ఉంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని కాళ్ళ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

పొయ్యి చల్లారేసరికి కిటికీ బూడిదరంగుకి తిరిగింది. ఇద్దరూ తాళ్ళు భుజాలకు తగిలించుకుని లేచారు. గుమ్మం దగ్గర దాన్ని పక్కకి వంచాల్సొచ్చింది. లోపలి బూడిద జారిన చప్పుడు వినిపించింది. లుదోవినా చెప్పులు లేకుండా, ఉన్ని సాక్సులతోనే వాళ్ళ వెనక మంచులోకి వచ్చి, లారీ చెక్క మీదికి పొయ్యి ఎక్కేదాకా నిలబడి చూసింది.

"లోపలికెళ్ళక్కా. కొత్తదాని దగ్గర కూర్చో. యార్డు నుంచి తిరిగొస్తా."

"వెళ్తాలే. మెల్లగా తోలమను వాణ్ణి, గతుకులున్నాయి."

యార్డులో సమ్మెట చేతికి తీసుకున్నాడు. గలిందో తను కొడతానన్నాడు. హెరిబెర్తో ఇవ్వలేదు. ఎప్పటిలాగే ఒక్క దెబ్బ, నడినెత్తిన. పగిలింది. సమ్మెట గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, గుళికల బస్తా ఒకటి భుజాన వేసుకుని అక్క ఇంటికి నడిచాడు. దారి పొడుగునా పొగగొట్టాలన్నీ ఊదుతూనే ఉన్నాయి. ఆరు దాటింది.

ముందుగదిలో కొత్త పొయ్యి జుయ్యిమంటోంది. గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. పొగ వాసన లేదు. అక్కడ ఎవరూ లేరు. బస్తా దించి, "అక్కా" అన్నాడు.

ఆమె వంటగదిలో, అదే కుర్చీలో ఉంది. తల ఒక పక్కకి ఒరిగింది. అతను బుగ్గ మీద చెయ్యి వేశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టాడు. ఊపిరి తగల్లేదు. తన చెయ్యే చల్లగా ఉందేమోనని చొక్కాకి రుద్దుకుని మళ్ళీ పెట్టాడు. శాలువా సరిచేశాడు. డాక్టరుకి ఫోన్ చేశాడు, తర్వాత గలిందోకి. ఏమైందని అడిగితే "ఇక్కడే ఉన్నా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆమె పాదాలు కనిపించాయి. సాక్సులు లేవు. కాలివేళ్ళు నీలంగా ఉన్నాయి.

పొయ్యి ఉన్న చోట నేలచెక్క కొత్త చెక్కలా లేతరంగులో, చతురస్రంగా మిగిలింది. దాని మధ్యలో ఆమె ఉన్ని సాక్సులు ఆరబెట్టి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, మడతలు సాపుచేసి, మడమలు గోడవైపు పెట్టి. చుట్టూ చెక్క మీద తడి ఇంకా పాకుతూనే ఉంది.