పురుషోత్తంగారి గొట్టం

నేను ఒక గొట్టాన్ని. నవ్వితే నవ్వండి. "వాడేమన్నా పెద్ద గొట్టంగాడా?" అని మీరు ఎవరినో తీసిపారేసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఏం చేస్తాను, నా పుట్టుకే అలాంటిది. పత్రికలవాళ్లు మాత్రం నన్ను మర్యాదగా మెగాఫోన్ అంటారు. సినిమా తీయడం మొదలుపెట్టిన ప్రతివాళ్ల గురించీ "మెగాఫోన్ పట్టారు" అని రాస్తారు. వాళ్లలో చాలామంది నన్ను కళ్లతో కూడా చూసి ఉండరు. అయినా రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు, చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు.

నేను తయారైంది మద్రాసు వడపళనిలో, ఒక రేకుల పనివాడి దుకాణంలో. ఆయన చేసేవన్నీ కిరసనాయిలు గరాటాలు, నీళ్ల డబ్బాలు. నన్ను కూడా గరాటాగానే మొదలుపెట్టాడు. సగం పనిలో ఉండగా, అప్పుడే కొత్తగా దర్శకుడైన కొత్తలంక పురుషోత్తంగారు దుకాణంలోకి వచ్చి, "మైదానానికి ఆ చివరనున్న గుర్రాలకి కూడా నా మాట వినపడాలి" అన్నారు. పనివాడు నన్నే ఎత్తి చూపించాడు. ఇంకో రేకు అతికి నన్ను పొడుగు చేసి, ఒక కొస మూతికి ఆనేలా సన్నగా, రెండో కొస భోజనం పళ్లెమంత వెడల్పుగా మలిచి, పక్కన ఒక పిడి తగిలించాడు. అలా వెంట్రుకవాసిలో కిరసనాయిలు తప్పించుకుని సినిమాల్లోకి వచ్చాను. ఈ రంగంలోకి ఇంతకన్నా గొప్పగా వచ్చినవాళ్లు తక్కువే అని తర్వాత తెలిసింది.

నా వైభవం చెప్పుకుంటే మీకు విసుగు రావచ్చు, కానీ చెప్పకుండా ఉండలేను. పురుషోత్తంగారి గొంతు నాలోంచి వెళితే సైన్యాలు కదిలేవి, ఏనుగులు ఆగేవి, నిర్మాతలు నిద్ర లేచేవారు. ఆ రోజుల్లో మాటలన్నీ తర్వాత రికార్డింగ్ థియేటర్లో కూర్చుని డబ్బింగ్ చెప్పుకునేవాళ్లు. అందువల్ల కెమెరా తిరుగుతుండగా దర్శకుడు ఎంత అరిచినా ఫరవాలేదు. మా ఆయన దాన్ని పూర్తిగా వాడుకున్నారు. "తల తిప్పు. ఊఁ, చూడు. కళ్లలో నీళ్లు రావాలి. రావాలి. ఇప్పుడు నవ్వు!" అని షాట్ అయ్యేదాకా చెబుతూనే ఉండేవారు. హీరోయిన్ ఏడ్చిందంటే అందులో సగం ఏడుపు నాది.

చివర్లో ఒక్క మాట అనేవారు: "ఓకే!" ఆ మాట పడేదాకా సెట్టు మీద ఎవరూ చెయ్యి దించేవాళ్లు కాదు. పడగానే అందరి మొహాలూ తేటపడేవి. ఆ ఒక్క మాటతో ఆ కుటుంబం పేరు ఊరూరా పాకింది. ఆయన భార్య పేరున్న గాయని, తమ్ముడు కళా దర్శకుడు, మరదలు నర్తకి. ఆ ఇంట్లో వంటావిడ పేరు ఒక్కటే తెర మీద పడలేదు.

పరిశ్రమతో పాటు మేమూ హైదరాబాదు వచ్చాం. బ్యాటరీ మైకులొచ్చాయి, వాకీటాకీలొచ్చాయి. పురుషోత్తంగారు నన్ను వదల్లేదు. కొడుకు మాధవరావు దర్శకుడయ్యే రోజున పూలదండ వేసి నన్ను అతని చేతిలో పెట్టారు. మంచివాడు మాధవరావు. సినిమాలు కూడా బాగా ఆడాయి. కాకపోతే ఒక చిక్కుంది. షాట్ అవగానే అతను "ఓకే" అనేవాడు, అని తండ్రి కూర్చున్న కుర్చీ వైపు చూసేవాడు. ఆయన తల ఊపితేనే కెమెరా కదిలేది. జుట్టు తెల్లబడ్డాక కూడా అలాగే చూశాడు. నాకు జాలేసేది, కానీ జాలి పడి గొట్టం ఏం చేస్తుంది? మాటలు మోయడమే నా పని.

మాధవరావుకి ఒక్కతే కూతురు, ఆరభి. నాయనమ్మ పెట్టిన పేరు. ఇంటికి ఎవరొచ్చినా ఆ పిల్ల చేతిలో నన్ను పెట్టి, "ఏదీ, తాతయ్యలా యాక్షన్ అను" అనేవారు. ఆ పిల్ల నోరు విప్పేది కాదు. వచ్చినవాళ్లు నవ్వేసి, "ఈ ఇంటి గొంతు దీనికి రాలేదండీ" అని కాఫీ తాగి వెళ్లిపోయేవారు. నేను కూడా అదే అనుకున్నాను. పెద్దయ్యాక ఆరభి శబ్దం రికార్డు చేసే పని నేర్చుకుంది. అరిచేవాళ్ల ఇంట్లో ఒకళ్లయినా వినేవాళ్లు పుట్టారని అప్పుడు తోచింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వాన పడుతుంటే పెరట్లో కూర్చునేది. ఇంట్లోవాళ్లు జలుబు చేస్తుందని బెంగపడేవారే తప్ప, ఏం వింటున్నావని ఒక్కరూ అడగలేదు.

ఆఖరికి ఆరభి సొంతంగా ఒక సినిమా రాసుకుంది. ఆత్రేయపురం వైపు ఒకే ఇంట్లో కూర్చుని పూతరేకులు చేస్తూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోని అత్తాకోడళ్ల కథ. డబ్బింగ్ ఉండదట. అక్కడ వినిపించిందే సినిమాలో ఉంటుందట. అత్త వేషానికి నటిని కాకుండా, చిన్నప్పటి నుంచి రేకులు తీసిన మంగతాయారు అనే ఆవిణ్ణే తీసుకుంది. ఇల్లంతా గుసగుసలు. ఏదైతేనేం, ముహూర్తం పెట్టారు.

మా పరిశ్రమలో ముహూర్తం షాట్‌కి ఒక మర్యాద ఉంది. ఒక పెద్దమనిషి క్లాప్ కొడతారు, ఇంకొకరు కెమెరా స్విచ్ నొక్కుతారు, మూడో పెద్దాయన ఆ ఒక్క షాట్‌కి గౌరవ దర్శకత్వం వహిస్తారు. ఆ మూడో పెద్దాయన ఎవరో చెప్పక్కర్లేదు కదా. ఎనభై దాటిన పురుషోత్తంగారు పట్టు పంచెలో, నన్ను చంకలో పెట్టుకుని మంగతాయారు ఇంటికి వచ్చారు. "మెగాఫోన్ పట్టిన మూడో తరం" అని పొద్దున పేపర్లోనే వచ్చేసింది. ఆరభి మాత్రం పెద్దయ్యాక నన్ను ముట్టుకున్నదే లేదు.

పొయ్యి మీద బోర్లించిన కుండ కాగుతోంది. మంగతాయారు పల్చటి గుడ్డని బియ్యప్పిండి జావలో ముంచి, కుండ మీద పరిచి లాగబోయింది. సరిగ్గా అప్పుడు పురుషోత్తంగారు నన్ను ఎత్తారు.

"యాక్షన్!"

ఆ చిన్న వంటింట్లో అది పిడుగు పడ్డట్టు పడింది. మంగతాయారు ఉలిక్కిపడింది. గుడ్డ జారింది, రేకు చిరిగింది. మా ఆయన ఆగలేదు. "నవ్వమ్మా! చెమట తుడుచుకో! అబ్బ, ఎంత కష్టం! ఓకే!"

ముహూర్తం షాట్ కదా, అందరూ చప్పట్లు కొట్టారు. నేను సంతోషంతో ఇంకా మోగుతూనే ఉన్నాను. ఆరభి హెడ్‌ఫోన్లు తీసి, "ఇంకో టేక్ తీద్దాం" అంది.

కెమెరామన్ దొరైరాజ్ ఆ కుటుంబం దగ్గరే పనిచేస్తూ ముసలివాడైనవాడు. "గురువుగారు ఓకే అనేశారు కదమ్మా," అన్నాడు.

"తాతయ్యకి ఓకే అయింది. నాకు కాలేదు."

మాధవరావు మొహంలో రంగు మారింది. కూతురి దగ్గరికి వచ్చి, "ముహూర్తం షాటే కదమ్మా. పెద్దాయన మాట ఎందుకు కాదనడం? తర్వాత కావాలంటే ఎడిటింగ్‌లో తీసెయ్," అన్నాడు.

"ఇవాళ తీసేస్తానంటే రేపూ అలాగే అంటాను నాన్నా. సినిమా అంతా అయ్యాక చూసుకుంటే అందులో నేనుండను." గొంతు పెంచలేదు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. తాతగారి ముందు నిలబడి, "మీరు ఇక్కడే కూర్చోండి తాతయ్యా. చూద్దురు గాని," అంది. ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆయన వేళ్లు నా పిడిని గట్టిగా పట్టుకున్నాయి. నాకు కోపంగానే ఉంది, దాచడమెందుకు?

ఆరభి వెళ్లి మంగతాయారు పక్కన నేల మీద కూర్చుంది. "భయపడ్డారా?"

"అయ్ బాబోయ్, భయం కాదండీ. అలా అరిచేత్తే చెయ్యి నిలవదండి. మీరెప్పుడు మొదలెట్టమంటే అప్పుడు మొదలెడతానండి."

"నేనేం చెప్పనండీ. మీ పని మీరు చేసుకోండి."

లేచి దొరైరాజ్ వెనక నిలబడి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను కాసేపు "యాక్షన్" కోసం ఎదురు చూశాడు. అది రాదని అర్థమయ్యాక కెమెరా నడిపించాడు.

మంగతాయారు ఒక రేకు తీసింది. ఇంకొకటి తీసింది. కథ ప్రకారం ఆవిడ అక్కడ తలెత్తి వాకిలి వైపు చూడాలి, షాట్ అయిపోవాలి. ఆవిడ చూడలేదు. తర్వాతి రేకు కుండకి అంటుకుపోయింది. కెమెరా సంగతే మరిచిపోయి, "ఏవే, ఇయ్యాల నీక్కూడా నామీద అలకేనా?" అని కుండని కోప్పడింది. తనలో తనే నవ్వుకుంది. నవ్వు సగంలో ఆగి, కోడలు కూర్చోవాల్సిన ఖాళీ పీట వైపు చూసింది.

అది కథలో లేదు. కథలో లేనిది జరిగితే పురుషోత్తంగారు ఏం చేస్తారో నాకు తెలుసు. నన్ను మూతి దగ్గరికి ఎత్తారు. గుండె నిండా ఊపిరి పీల్చారు. "కట్" అనే మాట ఆయన నాలుక చివర ఉంది. నేను సిద్ధంగా ఉన్నాను, బతుకంతా సిద్ధంగానే ఉన్నాను. మాధవరావు కళ్లు మూసుకున్నాడు. ఆరభి మాత్రం మావైపు తిరగలేదు. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదుముకుని, మంగతాయారు ఊపిరి వింటోంది.

మాట రాలేదు. లోపలికి పీల్చిన ఊపిరిని ఆయన మెల్లగా, చప్పుడు కాకుండా నాలోకి వదిలారు. వెచ్చగా ఉంది. అన్నేళ్లలో ఆయన నాలోకి మాట లేకుండా ఊపిరి వదలడం అదే మొదలు. నాకు అవమానంగా ఉంటుందనుకున్నాను. లేదు. హాయిగా ఉంది.

మంగతాయారు రేకుని గోటితో ఒలిచి, మడిచి పక్కన పెట్టింది. అప్పుడు ఆరభి, "చాలండీ మంగతాయారు గారూ," అంది. కూర కొసరి వడ్డించేవాళ్లతో అన్నట్టే అంది. దొరైరాజ్ కెమెరా ఆపి, అలవాటు కొద్దీ పురుషోత్తంగారి వైపు చూశాడు. మాధవరావు చూశాడు. లైట్లవాళ్లు చూశారు.

పురుషోత్తంగారు ఆరభి వైపు చూశారు. "ఏమ్మా, ఓకేనా?"

ఆరభి ఏదో అంది. ఈ మధ్య ఆయనకి చెవి మందగించింది, పైగా ఆ పిల్లది చిన్న గొంతు. "నాన్నగారూ, ఏమంటోందంటే..." అని మాధవరావు వంగాడు. ఆయన చేత్తో అతన్ని ఆపేశారు. నన్ను ఇటు తిప్పారు, అటు తిప్పారు. చివరికి నా సన్నటి కొసని చెవికి ఆనించుకుని, పళ్లెమంత వెడల్పైన నా ముఖాన్ని మనవరాలి వైపు తిప్పారు.

ఏనుగుల్ని ఆపిన గొట్టాన్ని నేను. ఎప్పుడూ లోపల్నుంచి బయటికే మాట మోశాను. ఆ రోజు బయటి మాట నాలోకి వచ్చింది. గొంతు పెంచకుండానే, తన మామూలు గొంతుతోనే, "ఓకే తాతయ్యా," అంది ఆరభి. ఆ రెండు మాటల్నీ ఎక్కడా ఒలకకుండా మోసుకెళ్లి ఆయన చెవిలో పోశాను.

పురుషోత్తంగారు నన్ను చెవి నుంచి తీయకుండానే కొడుకు వైపు తిరిగారు.

"ఓకే అంటోందిరా. నావైపు చూస్తారేం? తర్వాతి షాట్‌కి ఏం కావాలో దాన్నడగండి."