దారినపోయే పౌరుడికి ప్రశంసాపత్రం

ఏటా రెండుసార్లు మా ఠాణాకు తనిఖీ. ముందురోజు హిసనోబు తన చెప్పులు, అన్నం గిన్నె, టూత్‌బ్రష్ ఓ అట్టపెట్టెలో సర్దుకుని బస్సెక్కి టౌనుకు పోతాడు. ఆరేళ్లుగా ఇదే తంతు. మొదట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక లేదు. పదిహేడేళ్ల కాపురాన్ని అట్టపెట్టెలో పట్టించడం ఎంత విసుగో సర్దినవాడికే తెలుస్తుంది.

మాది కొండమీది ఠాణా. ముందు గదిలో బల్ల, ఫోను. వెనక రెండు గదులు ఇల్లు. ఇలాంటి చోటికి డిపార్టుమెంటు పెళ్లయినవాళ్లనే పంపుతుంది. పోలీసు గస్తీకి వెళితే ఫోనెత్తడం, వచ్చినవాళ్లకు టీ ఇవ్వడం భార్య పని. కానీ ఈ మంచుకొండకు ఏ భార్యా రానంది. అప్పుడు గుర్తొచ్చాను నేను. అప్పటికి నా గది కింద పోలీసు హాస్టల్లో, సెలవురోజుల్లో కాపురం టౌనులో హిసనోబు గదిలో. హాస్టల్లో నేను స్నానాల గదిలో అడుగుపెడితే చాలు, అందరూ కలిసి దిగే తొట్టిలోంచి ఉన్నవాళ్లంతా లేచి వెళ్లిపోయేవారు. నన్ను ఎక్కడ పడేయాలా అని చూస్తున్న పెద్దలకు ఈ కొండ కలిసొచ్చింది. వాళ్ల కాగితాల్లో నేను ఒంటరివాణ్ణి.

భార్య పని హిసనోబు చేశాడు. ఊళ్లో ముసలివాళ్లు మొదట నోళ్లు తెరిచారు, తర్వాత టీ రుచి మరిగారు. "ఏం ఠాణా అమ్మగారూ, ఇవాళ ముల్లంగి ఊరగాయ లేదా?" అని ఊరి సంఘం పెద్ద కినుయో బామ్మ ఆటపట్టించేది.

"ఊరగాయ ఉంది బామ్మా, మీకు పళ్లే లేవు," అనేవాడు వీడు.

జనవరిలో నేను గస్తీలో ఉండగా ఫోనొచ్చింది. బామ్మ మరిది ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారి కాలవలో పడ్డాడు. హిసనోబు అంబులెన్సుకు చెప్పి, తాను పరిగెత్తి, ఆయన్ను బయటికి లాగి, బండి వచ్చేదాకా తన ఒంటికి హత్తుకుని వెచ్చగా ఉంచాడు. ఆయన బతికాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. బామ్మకు కృతజ్ఞత పొంగుకొచ్చి, కింది పెద్ద స్టేషనుకు కుంచెతో ముచ్చటగా ఉత్తరం రాసింది: మా ఠాణా అమ్మగారికి సన్మానం చేయండి.

ఉత్తరం అందిన మర్నాడే మా పై అధికారి ఒకిత్సు చెప్పాపెట్టకుండా కొండెక్కి వచ్చాడు. హిసనోబు వెనక గదిలో ఉండిపోయాడు. మధ్యలో కాగితపు తలుపొక్కటే. ఒకిత్సు గుమ్మంలో రెండు జతల చెప్పులు చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఎవరయ్యా ఈ అమ్మగారు?"

నేను టీ కప్పు ఆయన ముందు పెట్టాను.

"చూడు కురిహారా, నువ్వెవరితో ఉంటే నాకేంటి? పైవాళ్లు ఊరుకోరు. ప్రశంసాపత్రం ఇవ్వకపోతే ఊరివాళ్లు పేపరుకెక్కుతారు. ఇస్తే నీకేమవుతాడని రాయను? అందుకే దారినపోయే పౌరుడని రిపోర్టు రాసివ్వు. ఈ ఠాణాలోనే హాయిగా ఉండు. లేదంటే వారంలో బదిలీ, ఇల్లు ఖాళీ."

"ఇంత మంచులో ఈ కొండమీద దారినపోయేవాడెవడు సార్?"

"వెటకారం తగ్గించి రాయి."

రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన వెళ్లాక హిసనోబు తలుపు జరిపి ఒకటే అడిగాడు. "ఈ దారినపోయేవాడికి అన్నం పెడతావా, వాణ్ణే వండుకోమంటావా?"

పెద్ద స్టేషను హాల్లో సన్మానం. ముందు వరసలో కినుయో బామ్మ పట్టు కిమోనో కట్టుకుని కూర్చుంది. పదిహేడేళ్లుగా నా పక్కన పడుకునే మనిషికి నేను ముక్కూమొహం తెలియనివాడిలా నడుం వంచి నమస్కరించాలి. వంచాను. హిసనోబు కూడా అంతే మర్యాదగా వంచాడు.

పత్రం ఇచ్చాక రిజిస్టరు రాసే ఉద్యోగిని కలం తీసింది. "మీ చిరునామా చెప్పండి సార్."

హిసనోబు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది. "నాకు ఇల్లుందో లేదో ఆయన్ను అడగండమ్మా," అన్నాడు.

ఒకిత్సు గట్టిగా దగ్గాడు. మళ్లీ ఆ హాస్టలు, ఆ స్నానాల గది కళ్లముందు తిరిగాయి. నిజం చెప్పాలంటే భయమేసింది. కానీ ఇంకో అబద్ధం మొయ్యడం నావల్ల కాలేదు.

"రాసుకోమ్మా. కొండమీది ఠాణా, వెనక గదులు."

"అది మీ ఇల్లు కదా సార్?"

"మా ఇద్దరి ఇల్లు," అన్నాను.

"ఆ సంగతి ఊరందరికీ తెలిసిందేగా," అంది బామ్మ, ఎందుకందరూ బిగుసుకుపోయారో అర్థంకాక. ఒకిత్సు బయటికి వెళ్లిపోయాడు.

శుక్రవారం బదిలీ ఉత్తర్వు వచ్చింది. కింది హాస్టలు, ఒంటరి గది. కుటుంబ సభ్యులు అన్న చోట ఎప్పటిలాగే 'లేరు' అని టైపు చేశారు. ఆ మాట కొట్టేసి హిసనోబు పేరు రాశాను. సంతకం పెట్టి వెనక్కి పంపాను.