ఊక లేని వారం

మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. చెవిన పడ్డ మాట ఎంత నిజమైనా సరే, రిపోర్టులోకి ఎక్కకూడదు. అచ్చులో వచ్చినదే ఎక్కాలి, అదీ కనీసం రెండు పేపర్లలో వచ్చి ఉండాలి. ఈ పాఠం నాకు చెప్పింది పట్టాభిరామన్ గారు. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో జెరాక్సు షాపు పైన గది తీసుకుని, చెన్నై కన్సల్టింగ్ కంపెనీలకు సమాచారం వెతికిపెట్టే వ్యాపారం ఆయనది. పత్రికల్లో వచ్చిన వార్తలూ వ్యాసాలూ దాచిపెట్టే డేటాబేసు ఒకటి ఉండేది. నేను దాన్ని తెరిచి, కీవర్డులు కొట్టి, పనికొచ్చేవి ఏరి, ఏ పేపరో ఏ తేదీయో కింద రాసి పంపేదాన్ని. 2006లో అదొక ఉద్యోగమంటే మా వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. "పేపర్ చదివేదానికి జీతం ఇస్తాండారంట" అని మా అమ్మ అందరితో అనేది.

పట్టాభిరామన్ గారూ మావాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళం కాబట్టి మాలో చాలామందికి తెలుగు చదవడం రాదు. అది ఇంటివాళ్ళతో మాట్లాడుకోవడానికి మాత్రమే. అందుకే ఆయన నన్ను పిలిచి తెలుగులో ఏదైనా చెబితే యజమాని చెప్పినట్టు ఉండేది కాదు. పక్కన ఎవరూ లేనప్పుడు నేను ఆయన్ని చిన్నాన్నా అనే పిలిచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే తిట్టుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడు ఒక కోల్డ్ స్టోరేజి కంపెనీ కోసం పని వచ్చింది. చేపల రేవుల్లో ఐసు వ్యాపారం ఎలా నడుస్తోందో వాళ్ళకు కావాలి. డేటాబేసును ఎన్ని రకాలుగా గాలించినా ఒక్క ముక్క దొరకలేదు. తుఫాను వస్తే రేవు గురించి రాస్తారు గానీ ఐసు గురించి ఎవరు రాస్తారు?

"సుధా, మీ అత్త పిళ్ళైచావడిలో ఐసు అమ్ముతుంది గదా?" అన్నారు పట్టాభిరామన్ గారు, తెలుగులో.

"అవును చిన్నాన్నా."

"ఊరికే పోయి మాట్లాడి రా. మనకు అర్థమయ్యేదానికే. కంపెనీవాళ్ళు దిగాలని చూసేది నాగపట్నం పక్క, మన పక్క కాదు. అయినా నోటిమాట రిపోర్టులో యాడ పెడతాం?"

నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణమేముంది?

భాగ్యం అత్త మా నాన్న చెల్లెలు. రేవు పక్కన పాకలో ఐసు దిమ్మలు కరగకుండా వాటి మీద ఊక కప్పి పడవలవాళ్ళకు అమ్మేది. ఆ పాకే వాళ్ళ జీవనాధారం. నేను వెళ్ళేసరికి చీర ఎగదోపి, చీపురుతో నీళ్ళు బయటికి నెడుతోంది.

"రా సుధా, మా చెరువు చూడు!" అని పకపకా నవ్వింది. "రైసుమిల్లు మూసినారు, ఈ వారం ఊక దొరకలా. సగం ఐసు నీళ్ళయిపోయింది. మీ మామ చూడు, సైకిల్ ట్యూబులు కోసి తలుపు సందుల్లో కుక్కతాండాడు. వద్దంటే వింటాడా?"

ఏలుమలై మామ ట్యూబు ముక్క చూపించి కన్ను గీటాడు. నాకు అన్నం పెట్టి, వ్యాపారం సంగతులన్నీ అత్త దాపరికం లేకుండా చెప్పింది. సొంత మేనకోడలి దగ్గర దాచేదేముంటుంది? ఊక సంగతితో సహా అంతా టైపు చేసి పట్టాభిరామన్ గారికి ఇచ్చాను. చదివి, సొరుగులో పెట్టుకున్నారు.

కొన్ని వారాలయ్యాక, "ఆ ఐసు సంగతి మళ్ళీ ఒకసారి వెతుకు" అన్నారు. వెతికితే మూడు వ్యాసాలు! ఎగిరి గంతేసినంత పని చేశాను. తెరిచి చదివాక ఆ సంతోషమంతా ఆవిరైపోయింది. పుదుచ్చేరికి ఉత్తరాన, అంటే మా పిళ్ళైచావడి పక్క రేవుల్లో సగం ఐసు వృథా అవుతోందట. వ్యాపారులకు కొత్త పద్ధతులు తెలియవట, తలుపు సందుల్లో పాత సైకిల్ ట్యూబులు కుక్కుతారట. మొదటిది రాసినవాడు సౌందరరాజన్, పట్టాభిరామన్ గారి తోడల్లుడు. మా ఆఫీసులో ఎన్నిసార్లు కాఫీ తాగి పోయాడో. మిగతా రెండూ దాన్ని చూసి రాసినవే. మూడింట్లోనూ ఊక అన్న మాటే లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళి ఇంగ్లీషులో అడిగాను. "సార్, ఇది మా అత్త పాక. ఊక దొరకని ఒక్క వారం సంగతి. ఇవి మూడు పేపర్లు కావు, నేను మీకిచ్చిన కాగితం ఒక్కటే."

ఆయన మాత్రం తెలుగులోనే, తీయగా అన్నారు. "ఏంది సుధా, సార్ అంటాండావు? అబద్ధం రాయించినానా? మీ అత్త చెప్పిందే గదా. రెండు పేపర్లుంటే చాలు, మూడుండాయి."

"నాగపట్నం అన్నారు!"

"అప్పుడు అట్లనే అనుకున్నారు."

నన్ను నిలువునా ముంచి, అది చాలనట్టు నా తెలుగుతోనే నన్ను బుజ్జగిస్తున్నాడు. ఆ రోజే ఉద్యోగం మానేశాను. చెన్నై కన్సల్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి ఊక సంగతి చెప్పాను. అవతల ఉన్న అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "మీరు చెప్పేది ఎక్కడ అచ్చయింది మేడమ్?" అని అడిగింది. ఆ ప్రశ్న నేనూ ఎంతమందిని అడిగి ఉంటానో. ఫోన్ పెట్టేశాను.

రిపోర్టు వెళ్ళింది. వానలు వెనకబట్టేసరికి పిళ్ళైచావడిలోకి కోల్డ్ స్టోరేజి కంపెనీ తెల్ల వ్యాను వచ్చింది. పడవ పడవకూ ఐసు పెట్టె ఊరికే ఇచ్చి, అందులోకి ఐసు వాళ్ళే అమ్మారట. టీ కొట్టు చిన్నదురై ఆ పేపరు వ్యాసం గట్టిగా చదివి వినిపిస్తే, ట్యూబుల మాట వచ్చిన చోట అందరూ మా మామను చూసి నవ్వారట. పడవలవాళ్ళు ఒక్కొక్కరే అత్త దగ్గర ఐసు మానేశారు. ఇదంతా మా అమ్మ చెబితే తెలిసింది.

మొహం చెల్లకపోయినా వెళ్ళాను. పాకకు తాళం వేసి ఉంది. అత్త ఇంటి గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, కొంగు సర్దుకుంది.

"వాంగ. ఉక్కారుంగ," అంది.

రండి, కూర్చోండి అని. తమిళంలో, ఊరివాళ్ళతో అన్నట్టు. నేను పుట్టిన దగ్గర్నుంచి అత్త నాతో ఒక్క తమిళం ముక్క మాట్లాడి ఎరగదు.

"అత్తా, నేను ఊక సంగతి కూడా రాసినాను. వాళ్ళే తీసేసినారు. ఒట్టు అత్తా," అన్నాను. ఏడుపు ఆగలేదు.

కాఫీ తాగుతారా అని మళ్ళీ తమిళంలోనే అడిగింది. జవాబు కోసం చూడకుండా లోపలికి నడిచింది. లోపల మామతో అంటున్న మాట నాకు స్పష్టంగా వినబడింది. అది తెలుగే.

"పేపరోళ్ళు వచ్చినారు. ఏమడిగినా నోరు మెదపొద్దు."