ముక్కు లేని గుట్ట

నేను ఒక పెట్టె మూతను. అంతకంటే గొప్ప పుట్టుక కాదు నాది. ఏదో మిల్లులో పలకలు అతికించి, మేకులు కొట్టి, డంపర్ ఇంజను సామాను మీద బిగించి నన్ను గోదావరి పక్కనున్న ఒక బొగ్గుగనికి తోలారు. నా వీపు మీద నల్లటి బాణం గుర్తు అచ్చేశారు, ఇటే పైకి ఉండాలని. ఎటు పైకో ఎటు కిందికో నాకు పుట్టుకతోనే తెలుసన్నమాట. మనుషులకు ఆ సౌకర్యం లేదు పాపం.

ఆ గనిలో మట్టి తోలే డంపర్ లారీ నడిపే ఓదెలు కంట్లో పడ్డాను. "సారూ, ఈ మూత నాకియ్యరాదుండ్రి" అని స్టోరు గుమాస్తాను మూడు రోజులు బతిమాలి, సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య కనకమ్మ నన్ను చూసి సంబరపడింది. "మంచిగయ్యింది. నీళ్ల డ్రమ్ముకు మూత లేదు" అంది. ఓదెలు నన్ను గుండెకు హత్తుకుని, "మూత కాదే, దీని మీద బొమ్మ గీస్త" అన్నాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

ఓదెలుకు బొమ్మలు ఎవరూ నేర్పలేదు. క్యాలెండర్లు చూసి కాగితాల మీద మంచుకొండలు గీసేవాడు, కొండల కింద సరస్సు, సరస్సులో హంసలు. సోడాబండి మీద ఐసుగడ్డ తప్ప మంచు చూసిన మొహం కాదు. కనకమ్మే ఒకనాడు విసుక్కుంది. "ఎన్నడన్న పోయినవా ఆడికి? గడపల కూసోని సూడు. మన గుట్ట నీ కండ్లకు ఆనుతలేదా?"

పల్లె వెనక ముక్కుగుట్ట ఉండేది. కొసన ఒక పెద్ద రాయి ముందుకు వంగి అచ్చం మనిషి ముక్కులా ఉండేది, అందుకే ఆ పేరు. గుట్ట కింద ఒర్రె అనే చిన్న వాగు, ఒర్రె ఒడ్డున మోదుగు చెట్టు. ఆ చెట్టు మొదట్లో నాలుగు రాళ్లు పేర్చి ఉండేవి. వాటి కింద వాళ్ల బిడ్డ ఉంది. పందొమ్మిది రోజుల పసికూన. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నారు, ఈలోపే జ్వరమొచ్చి పోయింది. అంత చిన్నపిల్లల్ని అక్కడ కాల్చరు, పూడ్చిపెడతారు. ఏటా ఆ రోజున కనకమ్మ గ్లాసెడు పాలు తీసుకుపోయి ఆ రాళ్ల మీద పోసి వచ్చేది. "ఏడాదికొక్కసారి దానికిన్ని పాలు పొయ్యకుంటే నేనేం తల్లినయ్యా" అనేది.

ఓదెలు నాలుగు ఆదివారాలు గడపలో కూర్చుని నా మీద ఆ గుట్టను గీశాడు. జిగురునీళ్లలో కలిపిన పొడిరంగులు. చెట్టు నిండా ఎర్రటి పూలు, కింద నాలుగు రాళ్లు, పైన ముక్కు. చూసి గీశాడు కనుక ఎక్కడిది అక్కడ కుదిరింది. ఇంత అందం నా మీద ఉందంటే నాకే నమ్మకం కలగలేదు. కనకమ్మ చూసి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

తర్వాత గని పెరిగి పల్లె దాకా వచ్చింది. ఊరు ఖాళీ చెయ్యమన్నారు. జనం తలుపులు, దర్వాజాలు పీక్కుని కొత్త కాలనీకి పోయారు. గుళ్లోని పోచమ్మ తల్లిని డప్పులతో తీసుకుపోయారు. పసిపిల్లల్ని పూడ్చిన బొందల సంగతి ఎవరూ అడగలేదు, అడిగినా ఏ కాగితంలోనూ వాటికి గడి లేదు.

కాలనీ ఇంట్లో ఓదెలు నన్ను గోడకు తగిలించాడు. వారం తిరక్కముందే కనకమ్మ చేతులు జోడించింది. "ఆ చెట్టును నా కండ్ల ముంగట పెట్టకు. బుక్క దిగుతలేదు. తీసెయ్." తెలివైనవాడైతే నన్ను తీసి అటక మీద పెట్టేవాడు. మా ఓదెలు భార్య మాటను అక్షరాలా పాటించే మనిషి. గేటుకు వేయగా మిగిలిన తెల్ల పెయింటు నా మీద రెండు పూతలు దట్టంగా పూసేశాడు. చెక్కను పారేయడం దేనికని ఆ తెలుపు మీద మళ్లీ హంసలు గీశాడు. ఆ తెల్లరంగు కింద నాకు ఊపిరాడలేదు.

రెండేళ్లు కనకమ్మ ఆ చెట్టు దగ్గరికి పోయి పాలు పోసింది. మూడో ఏడు గ్లాసుతో పోయి గ్లాసుతోనే తిరిగొచ్చింది. "గుట్ట లేదు, ఒర్రె లేదు, చెట్టు లేదు. మట్టి తప్ప ఏం లేదయ్యా. యాడ పొయ్యాలె?" అని గుమ్మంలో కూలబడింది. కాసేపటికి తలెత్తి, "ఆ బొమ్మ యాడ పెట్టినవ్?" అంది. "బొమ్మనన్న ముంగట పెట్టుకోని ఆ జాగల పోస్త."

ఓదెలు నా వైపు చూశాడు. నా మీద హంసలు ఈదుతున్నాయి. "మళ్ల గీస్త" అన్నాడు. "గంతకన్న మంచిగ గీస్త."

అలా మొదలైంది. ఒకటి కాదు, ఏడుసార్లు గీశాడు. ఇప్పుడు పొడిరంగులు కాదు, డబ్బా పెయింట్లు. ప్రతిసారీ కనకమ్మ చూసి తలూపేది. "ఒర్రె ఇటు తిరుగుతది." "చెట్టు గంత దూరం లేదు." మర్నాడే దాని మీద ఇంకో పూత. గీస్తూ గీస్తూ అతను నాతో మాట్లాడేవాడు. గుట్టను పేల్చాక ఆ ఒర్రె మీద మట్టి పోసిన డంపర్లలో తనదీ ఒకటని నాకే చెప్పాడు. కనకమ్మకు చెప్పలేదు.

నాకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. రోజుకు ఎనిమిది గంటలు అతను డంపర్‌తో, గని తవ్విన మట్టంతా పోసిన ఆ దిబ్బ ఎక్కి దిగుతాడు. దిబ్బకు చుట్టూ మెట్లు, నెత్తిన బల్లపరుపు. ఆ ఆకారం అతని చేతికి పట్టేసింది. గుట్ట గీయబోతే కుంచె పైకి పోయి, కొసకు చేరకుండానే అడ్డంగా తిరిగేది. ఏడు బొమ్మల్లో ఒక్కదానికీ ముక్కు లేదు. ఓరి నాయనా, ముక్కేదిరా అని అరుద్దామంటే చెక్కకు నోరేది? ఏడో బొమ్మను కనకమ్మ చాలాసేపు చూసింది. "గిదే" అంది. "గిట్లనే ఉండె." ఓదెలు పిల్లవాడిలా ఏడ్చాడు.

పాలు పోసే రోజు ఇంకా వారం ఉంది. ఈలోగా గని కార్మికుల చేతిపనుల ప్రదర్శన వచ్చింది. ఓదెలు మురిసిపోతూ నన్ను తీసుకుపోయి పెట్టాడు. ఒక ఆఫీసరు నా ముందు ఆగి, "శభాష్! మన మట్టిదిబ్బ మీద చెట్లు పెరిగాక ఎట్లా ఉంటుందో ముందే ఊహించి గీశావే! మెట్లు కూడా సరిగ్గా వేశావయ్యా" అని భుజం తట్టాడు. స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకే కనకమ్మ నిలబడి ఉంది.

తిరుగు బస్సులో నేను వాళ్ల మోకాళ్ల మీద ఉన్నాను. చాలా దూరం పోయాక ఆవిడ మెల్లగా అడిగింది. "ఏమయ్యా, గుట్టకు ముక్కేది?"

ఓదెలు నన్ను చూశాడు. మళ్లీ చూశాడు. "నువ్వు గూడ గిదే అంటివి గదనే" అన్నాడు.

"అంటి. నేను గూడ మర్సిన."

మర్నాడు పొద్దున్నే పెయింటు కరిగించే థిన్నర్ డబ్బా, బ్లేడు తెచ్చాడు. "అసలుది కిందనే ఉన్నది. తీస్త" అన్నాడు. నన్ను వాకిట్లో పడుకోబెట్టి థిన్నర్ పోసి ఒళ్లంతా రుద్దాడు. పూతలన్నీ ఉబ్బి, పాలమీద మీగడలా లేచాయి. పైఅంచున బ్లేడు దూర్చి లేపాడు. వేలెడు మేర తెలుపు విడివడింది. కింద నల్లటి రాయి, ముందుకు వంగి.

"అగో! ముక్కు! అగో!" కనకమ్మ నవ్వింది. ఆవిడ నవ్వును నేను వినడం అదే మొదటిసారి.

ఓదెలు ఇంకాస్త లేపాడు. ఆ పూతతో పాటు ముక్కు కూడా లేచిపోయింది. నా పొడిరంగులు పైనున్న పెయింటుకు అంటుకుపోయి ఉన్నాయి. నాతో ఉండవు, దానితోనే పోతాయి. "ఆపు! ఆపయ్యా!" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆపాడు. కానీ థిన్నర్ అప్పటికే ఒళ్లంతా ఇంకింది. మధ్యాహ్నం ఎండకు మిగిలిందంతా చుట్టలు చుట్టుకుని పెచ్చులుగా రాలింది. కనకమ్మ వాటిని చేటలోకి ఎత్తి, ఒక్కొక్కటీ తిరగేసి, పక్కపక్కన పెట్టి అతికి చూసింది. గోరంత ఎరుపు ఒకటి దొరికింది. అది మోదుగుపువ్వో, తర్వాతి బొమ్మల్లోని ఎరుపో ఇద్దరికీ తేలలేదు.

పాలు పోసే రోజు రానే వచ్చింది. కనకమ్మ నన్ను నేల మీద పెట్టి, పాలగ్లాసు పట్టుకుని కూర్చుంది. నా మీద ఏమీ లేదు, ఉత్త చెక్క. "యాడుండెనో సూపియ్యి" అంది. ఓదెలు ఒకచోట వేలు పెట్టాడు. తీశాడు. ఇంకోచోట పెట్టాడు. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని, "ఆ మట్టి పోసినోళ్లల్ల నేను గూడ ఉన్న కనకా" అన్నాడు.

ఆవిడ ముందుకు వంగింది. "అయితే నీకెర్కే గద, యాడ పోసినవో. సూపియ్యి" అంది, ఇంకా ఆశగా.

"ఎన్ని ట్రిప్పులు కొట్టిననో. యాదికి లేదు."

కనకమ్మ నా నడిమధ్యన పాలు పోసింది. ఎండిన చెక్కను కదా, కొంత తాగాను, కొంత అటూ ఇటూ కారిపోయింది.

ఇప్పుడు నేను నీళ్ల డ్రమ్ము మీద మూతను. కనకమ్మ మొదట్లో అన్నదే నిజమైంది. ఓదెలు కుంచె ముట్టడం లేదు. ఏటా ఆ రోజున నన్ను దించి పాలు పోస్తారు, ఆ తర్వాత నాలుగు రోజులు నా మీద చీమలు తిరుగుతాయి. పోసే ముందు ఆవిడ ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి నన్ను చూస్తుంది, నాకైనా తెలుసేమోనని. ఆ చెట్టును, ఆ నాలుగు రాళ్లను అన్నేళ్లు మోసింది నేనే. కుడివైపు ఉండేవో, ఎడమవైపు ఉండేవో ఇప్పుడు నాకూ గుర్తు లేదు.