రెండోదిగా వచ్చిన పిల్ల

"మే సలోమీ! రూతు వస్తాందంట!"

దేవదానం వాకిట్లోంచే కేకేసేసరికి సలోమి చేటలో బియ్యం చెరుగుతూ ఉంది. ఆమె మొగుడు దేవదానం నంద్యాలలో డ్రిల్లు మాస్టరు. ఆయన 'అటెన్షన్' అన్నాడంటే బడి వెనక సందులో గాడిదలు కూడా కాళ్ళు దగ్గరికి పెట్టుకుని నిలబడేవని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆ గాడిదల్ని చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

"ఏ రూతు?" అంది సలోమి, ఏ రూతో తెలిసే.

"ఇంగే రూతు? మీ ఆళ్ళగడ్డ రూతు! ఇండియా టీములో ఫుట్‌బాల్ ఆడతాంది గదా. మొగోళ్ళ టీముకూ ఆడోళ్ళ టీముకూ మ్యాచి పెడతాండాం, తుపాను నిధికి. శనివారం ఈడ, సోమవారం ఆళ్ళగడ్డలో. ఆడోళ్ళందరికీ అన్నం మనింట్లోనే వండుదామని మాటిచ్చినా."

వండేది ఎవరో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. చేట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆడింది. మిరపకాయ కొరికితే ఎక్కడ మండుతుందో తెలుస్తుంది, మజ్జిగ తాగితే తగ్గుతుంది. రూతు పేరు వింటే ఎక్కడ మండుతుందో, దానికి మందేమిటో సలోమికి పదమూడేండ్లుగా అంతుపట్టలేదు.

ఆళ్ళగడ్డ మిషన్ బడిలో వాళ్ళిద్దరూ ఒక ఏడు అటూ ఇటుగా చదివారు. పెద్దది సలోమి. కర్నూలు పోటీలకు పరుగు పందెంలో ఒక పిల్లను ఎంచడానికి నంద్యాల నుంచి కొత్త డ్రిల్లు మాస్టరు వచ్చాడు. పరికిణీ ఎగదోపి సలోమి పరుగెత్తిన పరుగును ఆళ్ళగడ్డవాళ్ళు ఇప్పటికీ పెంచి పెంచి చెబుతారు. రెండో పిల్ల గీత దాటేలోపల సలోమి నీళ్ళు తాగి, జడ మళ్ళీ అల్లుకుని, ఆ పిల్లకు చప్పట్లు కూడా కొట్టిందట. ఆ రెండో పిల్లే రూతు. డ్రిల్లు మాస్టరు సలోమి పేరు రాసుకుని పోయాడు. ఆ తర్వాత కర్నూలు నుంచి కబురు రాలేదు. నంద్యాల నుంచి మాస్టరు తల్లి సారమ్మ వచ్చింది. పిల్లను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "కాళ్ళలో సత్తువుండాది. మాకు బోరింగు దూరం, బేగా పోయి బేగా వస్తాది" అని ఖాయం చేసింది. ఉద్యోగస్తుడైన అల్లుడు ఇంటికి నడిచొస్తే సలోమి తండ్రి కాదంటాడా? పెండ్లి కుదిరిన పిల్లకు పందేలెందుకని కర్నూలుకు రూతును పంపారు.

అప్పటినుంచీ సలోమి పరుగెత్తుతూనే ఉంది. బోరింగు దగ్గరికి, పొయ్యి దగ్గరికి, పాలు పొంగుతుంటే, అత్త దగ్గుతుంటే, మొగుని బూట్లకు పాలిష్ లేదని గుర్తొస్తే. ఆ పరుగుకు గీతలు లేవు, చివర రిబ్బను లేదు, చప్పట్లు అసలే లేవు. ఆలస్యమైతే చూసేవాళ్ళు మాత్రం ఉన్నారు. "ఏమ్మే, నడుస్తాండావా, నిద్రపోతాండావా?" అని సారమ్మ మంచం మీది నుంచే అడుగుతుంది. అక్కడ రూతు కర్నూలు నుంచి మద్రాసు పోయింది, బంతి పట్టింది, ఉద్యోగం పట్టింది, పేపర్లోకెక్కింది. పేపర్లో బొమ్మ వచ్చిన ప్రతిసారీ దేవదానం దాన్ని కత్తిరించి గోడకు అంటించేవాడు. ఇంటికొచ్చినవాళ్ళకు చూపించి, "ఈ పిల్లను కనిపెట్టింది నేనేనప్పా" అనేవాడు. వాళ్ళకు కాఫీ ఇచ్చి లోపలికి పోతూ సలోమి కాస్త నెమ్మదిగా నడిచేది, ఆ పందెంలో మొదట ఎవరొచ్చారని ఎవరైనా అడుగుతారేమోనని. ఒక్కరూ అడగలేదు.

శనివారం నంద్యాల నంద్యాలలా లేదు. కోయిలకుంట్ల బస్సు ఎంత ఒరిగి వచ్చిందంటే, కిటికీలోంచి చెయ్యి చాపి శనగ చేలో కాయలు కోసుకుంటూ వచ్చారట జనం. మిడుతూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళలో ఒకరి ఎద్దు గోలు స్తంభాల్ని కాడి అనుకుని మెడ వంచి నిలబడిందట. ఖర్చంతా పెట్టుకున్న నూనెమిల్లు మాధవయ్య, మగవాళ్ళు మామూలుగా ఆడితే చూసేదేముందని, వాళ్ళ చేతులు వెనక్కి విరిచి తువ్వాళ్ళతో కట్టించాడు. చేతులు లేని పరుగు ఎంత కష్టమో మగవాళ్ళకు ఆ పొద్దే తెలిసింది. మలుపు తిరిగినప్పుడల్లా ఒకడు బోర్లా పడేవాడు, వాణ్ణి ఇంకొకడు పండ్లతో చొక్కా కరిచి లేపేవాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

అన్నాల గంపలు దించి, ఆడవాళ్ళ తడిక వెనక నిలబడిన సలోమి నవ్వలేదు. ఆమె రూతు కాళ్ళు చూస్తూ ఉంది. మోకాలు ఎత్తే తీరు, మలుపులో భుజం వంచే తీరు, చివరి అంగల్లో గడ్డం పైకెత్తే తీరు. అది తన పరుగు. బడి మైదానంలో తన వెనక వెనక వచ్చి రూతు నేర్చుకున్నది. తన పెండ్లి చీర ఎవరో కట్టుకుని ఊరేగుతుంటే గుంపులో నిలబడి చూస్తున్నట్టుంది. 'పడు,' అనుకుంది. అనుకున్నందుకు నాలుక కరుచుకుంది. మళ్ళీ అనుకుంది.

రూతు గోలు కొట్టింది. కొట్టిన వెంటనే ఒక మగ ఆటగాడు తూలి ఆమె కాలిమీద పడ్డాడు. రెఫరీగా ఉన్న దేవదానం పరుగున పోయి, అంతమంది ముందు నేలమీద చతికిలబడి, రూతు కాలు ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డకు ఉగ్గు పట్టినంత మెల్లగా కట్టు కట్టాడు.

పక్కింటి రంగమ్మ మోచేత్తో పొడిచింది. "చూసినావా మే, నీ మొగుడు! నీ కాలు ఎప్పుడన్నా అట్లా పట్టుకున్యాడా?"

"పెండ్లిలో గూడా పట్టుకోలేదు," అంది సలోమి. "మెట్టెలు తొడిగేదానికి మీకైతే పట్టుకుంటారు. మాది చర్చి పెండ్లి గదక్కా."

రంగమ్మ నోరు ఊరుకునేది కాదు. సాయంత్రానికి కబురు దేవదానానికి చేరింది. ఆయన అన్నానికి కూర్చుని, మీసం కింద నవ్వు దాచుకోలేక, పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడు.

"నీకు కుళ్ళంట గదనే! నా మీద ఇంత ప్రేముండాదని తెలీకపోయెనే. నాకింగా వయసైపోలేదన్నమాట!"

పొయ్యి దగ్గర నుంచి మంచం మీది సారమ్మ కూడా వినేటట్టుగా సలోమి చెప్పింది: "ఆయమ్మ కాలు నీ ఒళ్ళో పెట్టుకో, నెత్తిన పెట్టుకో, నాకేంది? నాకు ఆ కాలు కావల్ల."

దేవదానం ముద్ద ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "కాలేందే? నీకు కాళ్ళు లేవా?"

"నీళ్ళు మోసేదానికి ఉండాయి గదరా," అంది సారమ్మ మంచం మీది నుంచి. "ఇంగేం కావల్లనంట?"

ఆదివారం చర్చిలో అయ్యగారు, పొరుగువాళ్ళది ఏదీ ఆశించకూడదని ప్రసంగం చేశారు. ఇల్లు, ఎద్దు, గాడిద, అన్నీ వరసగా చెప్పారు. సలోమి చెవులు రిక్కించి విన్నది. కాళ్ళ మాట ఎత్తలేదు.

సోమవారం పొద్దున్నే దేవదానం సున్నంతో గీతలు గీయించడానికి ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. సలోమి టిఫినుకు చేసిన బొరుగుల ఉగ్గాని గంపతో ఆడపిల్లలు దిగిన మిషన్ హాస్టలుకు పోయింది. లోపల మాధవయ్య, జట్టు కెప్టెన్ వాదులాడుకుంటున్నారు. కెప్టెన్ మణిపూర్ పిల్ల. ఆమె హిందీని మంచం మీద కాలు చాపుకుని ఉన్న రూతు తెలుగులో చెబుతూ ఉంది. రూతు కాలు గుమ్మడికాయంత వాచింది. అదనంగా తెచ్చుకున్న పిల్లకు జ్వరం. జట్టులో మిగిలింది పదిమందే.

"జనం టికెట్లు కొన్యారమ్మా," అంటున్నాడు మాధవయ్య. "ఒకరు తక్కువైతే గోల చేస్తారు. ఎవుర్నో ఒకర్ని నిలబెట్టండి. ఊరికే నిలబడితే సాలు."

సలోమి గంప దించింది.

"నేను వస్తా," అంది. "అయితే నిలబడను. పరుగెత్తుతా."

మాధవయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "దేవదానం ఏమంటాడో..."

"ఆయప్ప రెఫరీ గదన్నా. ఫౌలైతే ఆయప్పే చెప్తాడు."

కెప్టెన్ రూతును ఏదో అడిగింది. రూతు కిటికీ వైపు చూసి, చివరికి రెండు ముక్కలు హిందీలో అంది. కెప్టెన్ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏం చెప్పినావు మే?" అంది సలోమి.

"ఆ పొద్దు మొదుట ఎవురు వచ్చినారో చెప్పినా," అంది రూతు నేల చూపులు చూస్తూ. అంతలోనే తల ఎత్తింది. "కానీ అక్కా, నీకు ఈ ఆట తెలీదు. ఊరంతా చూస్తారు. నీ మేనమామలుంటారు. పడితే నవ్వుతారు."

"బంతి పోయిన కాడికి బంతికంటే ముందు పోవల్ల. అంతే గదా?"

"అంతే కాదక్కా..."

"నీ బూట్లియ్యి."

రూతు చెయ్యి మంచం కిందికి పోయి, బూట్ల మీద ఆగింది. అవి చేతికి అందేంత దగ్గరలోనే ఉన్నాయి. అయినా తీయడానికి చాలాసేపు పట్టింది.

కెప్టెన్ ఇచ్చిన పొడుగు ప్యాంటు తొడుక్కుని వచ్చి సలోమి నేలమీద కూర్చుంది. బూట్లు ఒక వేలెడు వదులు. ముందు భాగంలో గుడ్డ కుక్కింది. తాడు బిగించి కట్టి, లేచి, నేలను రెండుసార్లు తన్ని చూసింది. బయట ఆళ్ళగడ్డకు పోయే వ్యాను హారను కొట్టింది. పిల్లలందరూ గోలగా బయటికి పోయారు. గదిలో ఇద్దరే మిగిలారు.

రూతు చూపు సలోమి పాదాల మీద పడి, మోకాళ్ళ దాకా పాకి, మళ్ళీ పాదాల మీదికే దిగి, అక్కడే ఉండిపోయింది. ఆ చూపేమిటో సలోమికి ఎవరూ చెప్పక్కర్లేదు. పదమూడేండ్లు తన కళ్ళలో కాపురం చేసిందే. జాలిపడాలి, చెల్లెలి లాంటిది, మంచాన పడి ఉంది అనుకుని సలోమి జాలి కోసం మనసంతా వెతికింది. దొరకలేదు. ఎన్నాళ్ళ తర్వాతో కడుపునిండా అన్నం తిన్నట్టుంది.

"పోయొస్తా మే," అని, రూతుకు మంచం మీది నుంచి వాకిలంతా కనబడేటట్టు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, వ్యాను దాకా పరుగెత్తుకుంటూ పోయింది.