అంగీలు కాసేవాడు

నితీష్‌కు నీళ్లంటే భయం లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అతనే చెప్పేవాడు. "భయం కాదు భాయ్, గండం" అనేవాడు.

అతనికి అయిదేళ్లప్పుడు ఒక జంగమయ్య గడప ముందు నిలబడి, ఈ పిలగానికి జలగండం ఉందని చెప్పిపోయాడట. చెప్పింది జంగమయ్యే అయినా ఊరంతా చాటింది మాత్రం నానమ్మ సాయవ్వ. ఇంకేముంది, మాక్లూర్ పక్కనున్న ఆ పల్లెలో కాలువకు నీళ్లొదిలినప్పుడల్లా తోటి పిల్లలు కప్పల్లా దూకుతుంటే, నితీష్ గట్టున కూచుని వాళ్ల అంగీలకు కాపలా కాసేవాడు. పెద్దయ్యాకా అదే బతుకు. స్నేహితులతో గోవా పోయినా అంగీలు, పర్సులు, సెల్‌ఫోన్లు అతని ఒళ్లోనే. అంత నమ్మకమైన కాపలాదారు జిల్లా మొత్తం మీద లేడని పేరొచ్చింది. పేరొస్తే ఏం లాభం, మోకాలి దాకా కూడా తడిసిన పాపాన పోలేదు.

నీళ్లు కాదన్నవాడికి గుట్టలు మిగిలాయి. నిజామాబాద్ కరెంటు ఆఫీసులో ఉద్యోగం రాగానే లావు టైర్ల మౌంటెన్ బైక్ ఒకటి కొన్నాడు. ఆదివారం తెల్లారితే చాలు, ధర్పల్లి దాటి, మేకలు తిరిగే బాటల్లో గుట్టలెక్కుడూ దిగుడూ. "ఊరోళ్లంత సైకిల్ ఇడిసి బండ్లు కొంటున్నరు, వీడు బండి ఇడిసి సైకిల్ కొన్నడు" అని తండ్రి ఎర్రన్న నెత్తి కొట్టుకున్నాడు.

ఆ గుట్టే అతనికి ఉదయలక్ష్మిని చూపించింది. ఒక ఆదివారం రాయి మీద టైరు జారి, భుజం పట్టేసి, టౌన్లో ఫిజియోథెరపీ చేసే ఆమె దగ్గరికి పోక తప్పలేదు. ఆమె ఎడపల్లిలో ఉండే రామకోటేశ్వరరావుగారి అమ్మాయి. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కాలువ కింద చెరకు, వరి వేసుకుని పాతుకుపోయిన కుటుంబం. విశాఖలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆమెకు సర్ఫింగ్ అంటుకుంది. ఇప్పటికీ సెలవు దొరికితే రైలెక్కి సముద్రం మీద పడుతుంది.

భుజం తిప్పుతూ మొదటి రోజే మొదలుపెట్టింది.

"రాళ్ల మీద సైకిల్ తొక్కి ఒళ్లు విరగ్గొట్టుకోవటం ఏం సరదా? మా సముద్రం చూడు, అల దానంతటదే వచ్చి మోసుకెళ్తుంది."

"అది వచ్చేదాంక కూసోవాలె గద. మా గుట్ట గట్ల కాదు. ఎప్పుడు పోయినా ఆడనే ఉంటది."

"అదే మరి. ఎప్పుడు పోయినా అదే రాయి, అదే గుంట. వెళ్లిపోయిన అల మళ్లీ రాదు, తెలుసా?"

"పడితే ఏమైతది?"

"మేం పడితే నీళ్లలో పడతాం. మీరు పడితే నా దగ్గర పడతారు" అంటూ చెయ్యి ఇంకాస్త మెలిపెట్టింది. నితీష్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. జలగండం అంటే ఇదేనేమో అనుకున్నాడు.

భుజం నయమైంది గానీ వాదన నయం కాలేదు. చెమటోడ్చి ఎక్కితేనే దిగుడుకు రుచి అని అతను. ఉప్పునీళ్లు మింగితేనే అల మీద నిలబడ్డ సుఖం తెలుస్తుందని ఆమె. అలా చాయ్ దుకాణాల్లో వాదించుకుంటూ వాదించుకుంటూ పెళ్లిదాకా వచ్చారు. రామకోటేశ్వరరావుగారు నాలుగు రోజులు ముభావంగా ఉండి ఒప్పుకున్నారు. ఎర్రన్న, "ఆళ్లింట్ల పచ్చళ్లతోనే సగం కడుపు నిండుతదంట" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

ఒప్పుకున్న వారమే ఉదయలక్ష్మి సైకిలొకటి అడిగి తెచ్చుకుని అతనితో గుట్టకు వచ్చింది. మొదటి దిగుడులోనే గులకరాళ్ల మీద పడి మోకాలు గీరుకుపోయింది. తోసుకుంటూ దిగుదామంటే వినలేదు. సైకిల్ని మళ్లీ పైకి నడిపించుకుపోయి, బ్రేకు మీద వేళ్లు బిగించి, పళ్లు బిగించి, కిందిదాకా వచ్చింది.

"చేతులు చూడు, బ్రేకు పట్టి పట్టి ఎర్రబడ్డాయి" అంది. "బాగుంది. ఒప్పుకుంటున్నా. అల మీద ఆలోచించే టైముండదు. ఇక్కడ ప్రతి రాయి దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవాలి. సరే, నా వంతయింది. నీ వంతుకి విశాఖ ఎప్పుడెళ్దాం?"

అప్పుడు చెప్పాడు గండం సంగతి. ఆమె పడిపడి నవ్వింది. అతను నవ్వటం లేదని చూసి ఆపేసింది. మోకాలికంటిన మట్టి దులుపుకుంది.

"నువ్వు సర్ఫింగ్ చెయ్యాలని నేనేం పట్టుబట్టను. కానీ నేను నీళ్లలోకి వెళ్లిన ప్రతిసారీ నువ్వు ఒడ్డున ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూచుంటే, నేనెన్నాళ్లని వెళ్తాను? నీ మొహం చూడలేక ఏదో ఒక రోజు నేనే మానేస్తాను. అలా మానేసి, తర్వాత నీ మీద కోపం పెట్టుకుని బతకటం నాకిష్టం లేదు. కనీసం నడుం లోతుకైనా నాతో వస్తావా, రావా? నాట్లయ్యేలోగా చెప్పు. ముహూర్తం పెట్టుకున్నాక చెప్తే బాగోదు."

నితీష్‌కు ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి గోరంత సందు దొరకలేదు. ఆ వారమంతా ఆఫీసులో భోజనాల వేళ అలల వీడియోలు చూస్తూ, చూసిన ప్రతిసారీ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లూ నీళ్లలో ఉన్న గండం లేచొచ్చి పెళ్లిపీటల మీద కూచుంది. చివరికి, చాటినవాళ్లే తీయాలి కదా అని, శాంతి ఏదన్నా ఉంటే చేయించమని సాయవ్వనే అడుగుదామని ఉదయలక్ష్మిని ఊరికి తీసుకుపోయాడు.

సాయవ్వ పొలం దగ్గర ఉంది. ట్రాక్టరు దున్నిపోయిన మడిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. జీతగాడు వెంకటి ఎడ్లకు పొడుగాటి చెక్క కట్టి, దాని మీద తాను నిలబడి, మడి చదును చేస్తున్నాడు. గట్టు మీద గొంగడి పరుచుకుని ఆ పని మీద అజమాయిషీ చేస్తున్న సాయవ్వ, మనవడు చేసుకోబోయే పిల్లను పక్కన కూచోబెట్టుకుంది. ఉదయలక్ష్మి ఫోన్లో, పలక మీద నిలబడి అల మీద దూసుకుపోతున్న తన వీడియో చూపించింది. ముసలామె ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి, తెగ చూసింది.

"చెక్క మీద నిలవడుడే గద బిడ్డా. గిందుకు రైలెక్కి గంత దూరం పోవుడెందుకు? మా వెంకటి పొద్దుగాల్నుంచి గదే పని మీదున్నడు."

ఉదయలక్ష్మి మడి వైపు చూసింది. చూసి, లేచి నిలబడింది. "నితీష్, నీకిది వచ్చా?"

రాకేం? నాట్ల కాలంలో చెక్క మీద బరువు కోసం పిల్లల్ని ఎక్కించుకోవడం వాళ్ల ఇంట్లో మామూలేనన్నాడు. అతను ప్యాంటు మడిచి, వెంకటి చేతిలో పగ్గం అందుకుని ఎక్కాడు. ఎడ్లు కదిలాయి. మోకాళ్లు వాటంతటవే వంగాయి. చెక్క బురదనీళ్లను చీల్చుకుంటూ పోతుంటే అతను మలుపు దగ్గర ఒక కాలి మీదికి ఒరిగి, మళ్లీ సర్దుకుని, మడి చుట్టూ తిరిగొచ్చాడు. గుట్ట మీద గులకరాళ్లలో సైకిల్ని ఎలా ఊగనిస్తాడో అలాగే.

"నేను నెలరోజులు నేర్చుకున్న వంపు అది" అంది ఉదయలక్ష్మి. గొంతులో కాస్త ఉక్రోషం ఉంది. "జరుగు, నేనెక్కుతా."

ఎక్కింది. ఎడ్లకు సముద్రం మర్యాదలు తెలియవు కదా. అవి ఒక్క ఊపుతో కదిలేసరికి, రుషికొండ అలల మీద నిలబడ్డ పిల్ల మాక్లూర్ బురదలో బోర్లా పడింది. లేచేసరికి కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. సాయవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. ఉదయలక్ష్మి కూడా నవ్వుతూ గట్టెక్కి, మొహం తుడుచుకుంటూ, మాటవరసకే అన్నట్టు అడిగింది.

"మామ్మగారూ, ఇందులోనూ నీళ్లున్నాయి కదా. చిన్నప్పుడు ఇందులోకి పంపించారు కదా. ఆ గండం ఇక్కడ ఊరుకుందా?"

సాయవ్వ నవ్వు ఆగిపోయింది. కొంగు సర్దుకుంది. వెంకటిని ఆ మూల సరిగ్గా రాలేదని కసిరింది. ఆ తర్వాత మనవడి వైపు చూడకుండా చెప్పింది.

"జంగమయ్య వచ్చిండు. బియ్యం తీస్కొని పోయిండు. గండం ముచ్చట ఆయన చెప్పలే. నేనే చెప్పిన."

"అవ్వా" అన్నాడు నితీష్.

"గా దినం కాలువకు నీళ్లిడిసిండ్రు. మీ అమ్మ పసుపు చేను కాడ, మీ నాయిన మడికాడ. నువ్వు కనవడకపోతివి. ఊరంత దేవులాడిన. సూస్తే తూము మీద కూసోని కాళ్లాడిస్తున్నవు. కింద నీళ్లు గిర్రున తిరుగుతున్నయి. నాకు ఈత రాదు బిడ్డా. నువ్వు వడితే దుంకేటోళ్లు ఎవ్వలు లేకుండె. పోవద్దంటే ఇనే పోరనివా? గండమంటే అన్న భయపడ్తవని చెప్పిన. తెల్లారి నిజం చెప్దామంటే తెల్లారి కూడా నువ్వు కాలువ దిక్కే సూస్తుంటివి."

నితీష్‌కు కోపం నషాళానికంటింది. "ఇన్నేండ్లు అందరి అంగీలు కాసిన అవ్వా. గోవల గూడ కాసిన."

"కాసినవు" అంది సాయవ్వ. "సచ్చి నా ఒళ్లె పండలే గద. నాకు గదే చాలు."

నితీష్ మడి పక్కనున్న బోరు తొట్టి దాకా విసురుగా నడిచాడు. సిమెంటు తొట్టి, నిండా నీళ్లు, ఛాతీ లోతు. పైపులోంచి ధార పడుతోంది. అంచున చెయ్యి వేసి నిలబడ్డాడు. గండం పోయింది. పోతే ఒళ్లు తేలికవ్వాలి కదా. కాళ్లు మాత్రం తొట్టి గోడ దగ్గరే నాటుకుపోయాయి. ఇన్నాళ్లూ గండమనే గొంగడి కప్పుకుని పడుకున్నది ఏమిటో అతనికి అప్పుడు కనిపించింది.

ఉదయలక్ష్మి బురద కడుక్కోవడానికి వచ్చి పక్కన నిలబడింది.

"ఉదయా" అన్నాడు, నీళ్ల వైపే చూస్తూ. "నాకు భయమైతుంది."

ఆమె మొహంలో బురద వెనక నుంచి నవ్వు పాకింది. "హమ్మయ్య" అంది. "భయమైతే నేర్పగలను. గండానికే నా దగ్గర వైద్యం లేదు."

తొట్టిలోకి దిగి, నడుమ నిలబడి, రెండు చేతులూ చాపింది. నితీష్ గట్టు వైపు చూశాడు. సాయవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, తొట్టి పక్క బండ మీద కూచుని, రొప్పుతోంది. ఉదయలక్ష్మిని కిందినుంచి మీదిదాకా చూసింది.

"అప్పుడు దుంకేటోళ్లు లేకుండె" అంది మనవడితో. "ఇప్పుడు ఉన్నది గద. దిగు. అంగీ గిటియ్యి, నేను కావలి కాస్త."

నితీష్ అంగీ విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు. సాయవ్వ దాన్ని మడతపెట్టి రెండు చేతులతో పట్టుకుని కూచుంది. అతను తొట్టిలోకి దిగాడు.