మూడో గడిలో వేలిముద్ర

నేను ఒక సమ్మతి పత్రాన్ని. ఆసుపత్రి జిరాక్సు మిషన్లోంచి వేడివేడిగా బయటికొచ్చి, ఆ పూటే మీరావలి ముందుకు వెళ్ళాను. మార్కాపురంలో రాతిపలకలు కోసే కార్మికుడతను. నెల రోజులుగా దగ్గు తగ్గక ఛాతీ ఎక్స్‌రేకి వచ్చాడు. నాలో మూడు గడులున్నాయి. పరీక్షకొకటి, వైద్యానికొకటి. మూడోది చీమ తలకాయంత అక్షరాల్లో: 'పరిశోధనకు'. చదువు రాని మీరావలి మూడింట్లోనూ వేలిముద్ర వేశాడు. ఫిలిం ఇవ్వరా అని అతని భార్య ఖాసింబీ అడిగింది. "అంతా కంప్యూటర్లో ఉంటదమ్మా," అన్నారు. డాక్టరు దగ్గుమందు రాసి పంపేశాడు.

ఆ మూడో గడి ఎందుకో నాకు తర్వాత తెలిసింది. ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే ఏఐని తయారుచేస్తున్న ఒక కంపెనీతో ఆసుపత్రికి ఒప్పందం ఉంది. పేర్లు తీసేసి, నంబర్లు వేసి, వేల ఎక్స్‌రేలు వాళ్ళకు పంపారు. మీరావలి నంబరును నా మూలన ఎర్ర సిరాతో రాశారు. మనిషిని మర్చిపోవడానికి కూడా మనుషులకు ఎంత చక్కటి పద్ధతి ఉందో!

మూడేళ్ళకు ఖాసింబీ మళ్ళీ వచ్చింది. మీరావలికి ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని ప్రభుత్వ డాక్టరు తేల్చాడు. పని మానేశాక వచ్చిన జబ్బు, మాకేం సంబంధం అంటోంది పలకల ఫ్యాక్టరీ. పాత ఎక్స్‌రే దొరికితే ఆ అబద్ధం తేలిపోతుంది. రికార్డుల గుమాస్తా నన్ను దుమ్ము దులిపి పరిశోధన విభాగానికి పంపాడు. ఆ పాత ఎక్స్‌రేలు పరిశోధనకు ఇచ్చేసినవి, కంపెనీ ఒప్పుకోవాలన్నారు అక్కడ. పేర్లు లేవు కాబట్టి ఏది ఎవరిదో తెలియదంది కంపెనీ.

"మా ఆయన రొమ్ము ఫొటో మాకీడానికి ఇంకోళ్ళు ఒప్పుకోవాల్నా?" అంది ఖాసింబీ. ఏడు నెలలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరుగుతూనే ఉన్నాను.

చివరికి వసుంధర అనే లాయరు ఆసుపత్రి మీద, కంపెనీ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేసి, నా మూలనున్న నంబరు చూపించింది. అప్పుడు కంపెనీ ఒక కాగితం పంపింది. ఎక్స్‌రే కాదు, ఏఐ ఇచ్చిన రిపోర్టు. 'రెండు ఊపిరితిత్తుల్లోనూ దుమ్ము జబ్బు ఆనవాళ్ళు.' తేదీ ఆ ఎక్స్‌రే తీసిన నెలదే. అడుగున ఇంకో వాక్యం: 'పరిశోధనకు మాత్రమే. సాక్ష్యంగా చెల్లదు.'

వసుంధర చదివి వినిపించింది. ఖాసింబీ ఆసుపత్రి లాయరు వైపు తిరిగింది.

"అప్పుడే తెలిసిందా సార్? ఆ పైన రెండేళ్ళు ఆ దుమ్ములోనే పలకలు కోసినాడే! ఒక్క మాట చెప్పకపోతిరే!"

"రోగికి చెప్పాలని ఒప్పందంలో ఎక్కడా లేదమ్మా," అన్నాడాయన.

నిజమే. నాలోనూ లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎక్స్‌రే ఇవ్వమని ఫోరం ఆదేశించింది. కంపెనీ గడువు అడిగింది, ఇచ్చారు. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఇచ్చారు. నేను ఆ రిపోర్టుతో కలిసి ఫైల్లో పడి ఉన్నాను.

నిన్న వాయిదా. మీరావలి స్వయంగా రావాలి, రాకపోతే కేసు కొట్టేస్తారు. "షేక్ మీరావలీ!" అని బంట్రోతు పిలిచాడు. ఎవరూ లోపలికి రాలేదు. రెండోసారి పిలిచేసరికి ఖాసింబీ ఒక్కతే రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఉన్నాడయ్యా, కింద మెట్ల కాడ కూచోనుండాడు. ఎక్కలేకపోతన్నాడు," అంది. "రాలేదని మాత్రం రాయబాకండి."